ముక్కు మీద ముళ్లు

అద్దంలో కంటే ముందు వేలికే తెలుస్తుంది. ముఖం కడుక్కుంటుంటే ముక్కు కొన దగ్గర గరుకుగా తగులుతుంది, తురుముపీట మీద వేలు రాసినట్టు. వెలుతురులోకి వెళ్లి చూస్తే చర్మం రంగులోనో కాస్త ఎర్రగానో చిన్న చిన్న పొక్కులు కనిపిస్తాయి. ఒక్కో పొక్కు నడిమధ్య నుంచి తెల్లటి సన్నని ముల్లు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు. చూడ్డానికి వెంట్రుకలా ఉన్నా వెంట్రుక కాదు. గోళ్లతో పట్టి లాగితే ఊడొస్తుంది, కొన్నాళ్లకు మళ్లీ మొలుస్తుంది. ముక్కుతో మొదలై బుగ్గలకు, నుదుటికి, చెవులకు పాకుతుంది. కనుబొమలు పలచబడతాయి, కొందరికి రెప్పవెంట్రుకలు కూడా రాలిపోతాయి. ముదిరితే ముఖ చర్మం మందమై రూపురేఖలే మారిపోతాయి. దురద ఉంటే కొద్దిగా, చాలామందికి అదీ ఉండదు.

దీని పేరు ట్రైకోడిస్ప్లేసియా స్పైనులోసా. అరుదైన జబ్బు, వైద్య పత్రికల్లో ఒక్కో కేసుగా నమోదవుతూ వచ్చింది. ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషికి ఇది దాదాపు రాదు. కిడ్నీయో గుండెయో మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నవాళ్లకు, లుకేమియా, లింఫోమా లాంటి రక్త క్యాన్సర్లతో ఉన్నవాళ్లకు వస్తుంది.

మన ఇళ్లలో ముఖం మీద ఏది లేచినా మొదటి తీర్పు ఒకటే: వేడి చేసింది. సబ్జా గింజలు నానబెడతారు, మజ్జిగ తాగిస్తారు. క్యాన్సర్ మనిషి అయితే రెండో తీర్పు, కీమో పడలేదని. మూడోది మందుల షాపులో దొరుకుతుంది, స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపి నూరిన ట్యూబు రూపంలో. క్యాన్సర్ డాక్టర్ దగ్గర కౌంట్లు, జ్వరం, వాంతుల సంగతి మాట్లాడేసరికే టైము అయిపోతుంది. ప్రాణం మీదికొచ్చిన జబ్బు ముందు ముక్కు మీద పొక్కుల ఊసెత్తడానికి మొహమాటం. చర్మం డాక్టర్ దగ్గరికి వెళితే, లుకేమియా అని వినగానే ముందు మీ క్యాన్సర్ డాక్టర్‌ని అడిగి రమ్మంటారు. అలా ఆ పొక్కు ఎవరి ఖాతాలోనూ పడకుండా మిగిలిపోతుంది. నన్నడిగితే అది ఇద్దరి ఖాతాలోనూ ఉండాలి. మైక్రోస్కోపు ముందు కూర్చునే పెథాలజిస్టు ఖాతాలో కూడా. ఎందుకంటే రక్త క్యాన్సర్ ఉన్న మనిషిలో ఒకే చోట, కంటికి ఒకేలా కనిపించే పొక్కు వెనుక వైరస్ ఉండొచ్చు, ఎముక మజ్జలో తయారైన ప్రొటీన్ ఉండొచ్చు, సాక్షాత్తూ క్యాన్సర్ కణాలే ఉండొచ్చు, లేదా మామూలు ఫంగస్ ఉండొచ్చు. ఒకదానికి వేసే మందు ఇంకోదాన్ని పెంచి పోషిస్తుంది.

ఇన్ని రకాల గొడవలకూ రోమకూపమే ఎందుకు వేదిక అవుతుందో తెలియాలంటే దాని లోపల ఏముందో చూడాలి.

మనిషి ఒంటి మీద రోమకూపాలు సుమారు 50 లక్షలు. అందులో తల మీదివి లక్ష దాకా. అరచేతులు, అరికాళ్లు, పెదవుల్లాంటి కొద్ది చోట్లు తప్ప ఒళ్లంతా ఉంటాయి. ముక్కు మీద కూడా ఉన్నాయి, కాకపోతే అక్కడి వెంట్రుక నూగులా సన్నం, పక్కనున్న జిడ్డుగ్రంథి మాత్రం పెద్దది. చర్మం పైపొర లోపలికి దిగి, గొట్టంలా మారి, అడుగున ఉబ్బెత్తు కుదురుగా ముగుస్తుంది. ఆ కుదురులో కణాలు శరీరంలోకెల్లా వేగంగా విభజన చెందేవాటిలో ఉంటాయి. కీమో మందులు వేగంగా పెరిగే కణాల మీదే దెబ్బ కొడతాయి కాబట్టి జుట్టు రాలుతుంది. కుదురుకు కాస్త పైన, వెంట్రుకను నిక్కబొడిచే చిన్న కండరం అతుక్కున్న చోట మూలకణాలు ఉంటాయి. అవి నింపాదిగా ఉండే రకం కనుక కీమో వాటిని అంతగా తాకదు. తిరుమలలో గుండు చేయించుకుంటే పోయేది చర్మానికి పైనున్న భాగమే. కీమోలో దెబ్బ కుదురు దాకా పోతుంది, అయినా మూలకణాలు మిగిలి ఉంటాయి కనుక చికిత్స అయ్యాక జుట్టు తిరిగొస్తుంది.

ఈ గొట్టంలో అద్దెకుండేవాళ్లు కూడా ఉన్నారు. మొటిమల బ్యాక్టీరియా, మలసీజియా అనే ఫంగస్, డెమోడెక్స్ అనే పురుగు. ఈ పురుగు పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. పెద్దవాళ్లలో దాదాపు అందరి ముఖాల మీదా ఉంటుంది, మామూలుగా ఏ ఇబ్బందీ పెట్టదు. రోగనిరోధక కణాలు కూపం చుట్టూ కాపలా ఉండి వీటిని హద్దులో ఉంచుతాయి. విచిత్రమేమిటంటే, వెంట్రుక పెరిగే దశలో కుదురు మాత్రం ఆ కాపలా కణాల కంట పడకుండా కొంత మరుగున ఉంటుంది. సొంత గుర్తింపు ప్రొటీన్లను తగ్గించుకుని తనపై దాడి జరగకుండా చూసుకుంటుంది. కాపలా గట్టిగా ఉన్న పై భాగం, కాపలా పలచగా ఉన్న అడుగు భాగం, రెండూ ఒకే గొట్టంలో. రక్త క్యాన్సర్ అంటేనే ఆ కాపలాదారుల జబ్బు. కాపలా చెడిందన్న సంగతి ఇక్కడ ముందుగా బయటపడటంలో ఆశ్చర్యం లేదు.

ముళ్ల జబ్బు కథ 1995లో స్విట్జర్లాండ్‌లో మొదలైంది. బాసెల్ నగర వైద్యులు కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల ముఖాల మీద వెంట్రుకల్లాంటి ముళ్లు చూసి జర్మన్ చర్మవైద్య పత్రికలో రాశారు. ఆ రోగులు సైక్లోస్పోరిన్ వాడుతున్నారు. ఆ మందు ఒంటి మీద వెంట్రుకలు ఎక్కువగా మొలిపిస్తుందని అప్పటికే తెలుసు. కాబట్టి ఇది కూడా ఆ మందు చలవేనని తేల్చేశారు. అందుబాటులో ఉన్న ఆధారంతో చూస్తే సబబైన ఊహే.

నాలుగేళ్లకు, 1999లో, అమెరికాలో కిడ్నీ, క్లోమం రెండూ మార్పిడి చేయించుకున్న ఒక రోగి చర్మపు ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. రోమకూపం కణాల కేంద్రకాల్లో చిన్న చిన్న గోళీలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోటి 40 నానోమీటర్ల చిల్లర. మిల్లీమీటరు మేర వరసగా పేర్చాలంటే 20 వేలకు పైగా కావాలి. ఆకారం చూస్తే పాలియోమా వైరస్ కుటుంబానిది. ట్రైకోడిస్ప్లేసియా స్పైనులోసా అన్న పేరు అప్పుడే పెట్టారు. వైరస్ ఉందని తెలిసింది కానీ ఏ వైరస్సో పట్టుకోవడానికి ఇంకో 11 ఏళ్లు పట్టింది.

దాన్ని పట్టుకున్నది నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో, మరియెట్ ఫెల్ట్‌క్యాంప్ బృందం. గుండె మార్పిడి జరిగిన 15 ఏళ్ల కుర్రాడి ముఖం మీద ముళ్లు మొలిచాయి. పరిశోధకులు చర్మం కోయలేదు, ముళ్లనే పీకి డీఎన్‌ఏ తీశారు. పాలియోమా వైరస్‌ల డీఎన్‌ఏ గుండ్రంగా, రెండు కొసలూ కలిసి ఉంటుంది. మనిషి డీఎన్‌ఏ అలా కాదు. గుండ్రటి డీఎన్‌ఏ చుట్టూ తిరుగుతూ దాన్నే పదే పదే నకలు తీసే ఎంజైమును వాడారు. వైరస్‌ది ఐదు వేల చిల్లర జతల డీఎన్‌ఏ. మనిషి 300 కోట్ల జతల మధ్య నుంచి దాన్ని అలా పైకి తేల్చారు. 2010లో ఫలితం అచ్చయింది. అప్పటిదాకా ఎవరికీ తెలియని కొత్త వైరస్ అది. ఆ కుర్రాడి ముఖానికి సిడోఫొవిర్ అనే యాంటీవైరల్ మందును క్రీముగా కలిపి రాస్తే ముళ్లు తగ్గాయి, ముఖం తేటపడింది. ఆ పైన సైక్లోస్పోరిన్‌ను నేరుగా తప్పుపట్టే పని లేకపోయింది. మందు తలుపు తీసింది, లోపలికొచ్చింది వేరేవాడు.

ఈ కుటుంబంలో మనుషుల్లో మొదట దొరికిన ఇద్దరు జేసీ, బీకే వైరస్‌లు, 1971లో. రెండూ రోగుల పేర్లలోని పొడి అక్షరాలే. జేసీ మెదడును దెబ్బతీస్తుంది, బీకే మార్పిడి చేసిన కిడ్నీని. ముళ్ల వైరస్‌తో కలిపి ముగ్గురిదీ ఒకటే బాణీ: ఎప్పుడో ఒంట్లో చేరి, చప్పుడు చేయకుండా ఉండి, కాపలా సడలినప్పుడు లేస్తాయి. ముళ్ల వైరస్ యాంటీబాడీల కోసం రక్తాలు పరీక్షిస్తే పెద్దవాళ్లలో సుమారు 70 శాతం మందిలో ఉన్నాయి. అంటే ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో చాలామందికి అది ఎప్పుడో సోకి ఉంటుంది, తెలియకుండానే.

ఇక అది ముల్లును ఎలా తయారుచేస్తుందన్న సంగతి. వెంట్రుక గొట్టంలో పైకి జరుగుతున్నప్పుడు దాన్ని చుట్టి ఒక లోపలి తొడుగు ఉంటుంది. వెంట్రుకకు అచ్చు పోసేది ఆ తొడుగే. పని అయ్యాక పైకొచ్చేసరికి అది శిథిలమై రాలిపోతుంది. వైరస్ దిగేది ఈ తొడుగు కణాల్లోనే. కణ విభజనను అదుపులో పెట్టే రెటినోబ్లాస్టోమా ప్రొటీన్ అని ఒకటుంది. వైరస్ తయారుచేసే ప్రొటీన్ దాన్ని పట్టుకుని పనిచేయనీయదు. తొడుగు కణాలు ఆగాల్సిన చోట ఆగకుండా పెరుగుతూ పోతాయి. వాటి లోపల ట్రైకోహయలిన్ అనే ప్రొటీన్ ముద్దలు కడుతుంది. పెథాలజీ స్లైడు మీద ఈ దృశ్యం ఒకసారి చూస్తే మరిచిపోరు: కూపం బుంగలా ఉబ్బి ఉంటుంది, లోపల పెద్ద పెద్ద కణాలు, వాటి నిండా ఎర్రటి గుళికలు, మధ్యలో ఉండాల్సిన వెంట్రుక మాత్రం ఉండదు. వెంట్రుకకు అచ్చు పోయాల్సిన సరుకే గట్టిపడి ముల్లై బయటికొస్తుంది. కనుబొమలు రాలడానికీ కారణం ఇదే; కూపం ఉంటుంది, వెంట్రుక తయారవదు.

లుకేమియా పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది మెయింటెనెన్స్ దశలో. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు మొదటి కొన్ని నెలలు గట్టి కీమో ఇచ్చి, ఆ తర్వాత చాలా కాలం ఇంటి దగ్గరే మాత్రలు వాడిస్తారు. రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. మొత్తం చికిత్స రెండు మూడేళ్లు. ఈ మెథోట్రెక్సేట్ వంశం మూలాలు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు దాకా వెళతాయి. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లాన్ని, దాని పనికి అడ్డుపడే రసాయనాల్నీ తయారుచేశారు. వాటిలో అమినోటెరిన్ అన్నదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అంతవరకు లుకేమియా పిల్లల్ని వెనక్కి తెచ్చిన మందే లేదు. ఆ ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినోటెరిన్‌కు తమ్ముడి వరసయ్యే మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ చికిత్సలో ఉంది. క్యాన్సర్ కణాలను ఆపే ఆ గుణమే కాపలా కణాలనూ ఆపుతుంది. వైరస్‌కు దారి దొరికేది అక్కడే.

అందుకే ఇక్కడ వైద్యం చిక్కుముడి అవుతుంది. ముళ్ల జబ్బుకు అసలు మందు రోగనిరోధక శక్తి కోలుకోవడమే. అవయవ మార్పిడి రోగికైతే అణచివేత మందుల మోతాదు తగ్గించి చూస్తారు. లుకేమియా పిల్లాడికి కీమో తగ్గించడమంటే మాటలు కాదు. ముఖం బాగుపడాలని ప్రాణానికి ఎసరు తెచ్చుకున్నట్టు. చాలాసార్లు సరైన నిర్ణయం, క్రీముతోనో, వాల్‌గాన్సిక్లొవిర్ మాత్రలతోనో నెట్టుకొస్తూ కీమో పూర్తయ్యేదాకా ఆగడం. పూర్తయి కాపలా తిరిగొచ్చాక ముళ్లు వాటంతటవే రాలిపోయిన పిల్లలు ఉన్నారు. సిడోఫొవిర్ క్రీము రెడీమేడ్‌గా దొరకదు, ఒకటి నుంచి మూడు శాతం బలంతో ప్రత్యేకంగా కలపాలి; ఖరీదు ఎక్కువ. మొటిమల క్రీములు, యాంటీబయాటిక్స్ దీనికి పెద్దగా పనిచేయవు. తల్లిదండ్రులు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. పిల్లాడి ముఖం చూసి కడుపు తరుక్కుపోయినా సరే, డాక్టర్ చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపకూడదు.

ముక్కు మీద ముళ్లు కనిపిస్తే వైరస్సే అనుకుని ఊరుకోవడానికి లేదు. మల్టిపుల్ మైలోమా ఉన్న పెద్దవాళ్లలో కొందరికి సరిగ్గా అదే చోట, అలాంటి ముళ్లే మొలుస్తాయి. మైలోమాలో ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు హద్దు మీరి పెరిగి ఒకే రకం యాంటీబాడీని కుప్పలు తెప్పలుగా తయారుచేస్తాయి. రక్తపరీక్షలో దాన్ని ఎం బ్యాండ్ అంటారు. రోగుల బంధువులకు ఈ మాట నోటికొచ్చేసి ఉంటుంది, నెలనెలా దాని అంకె కోసమే ఎదురుచూస్తారు కాబట్టి. 1990ల్లో అలాంటి రోగుల ముళ్లను పరీక్షకు పంపితే అవి ఉత్త కెరటిన్ కాదని తేలింది. వాటిలో ఉన్నది రక్తంలో ఉన్న ఆ ప్రొటీనే. ఆ కేసుల్లో కొందరికి చల్లదనానికి పేరుకునే గుణమున్న క్రయోగ్లోబ్యులిన్ ఉంది. ముక్కు మనిషి ఒంట్లో చల్లగా ఉండే చోట్లలో ఒకటి. మజ్జలో తయారైన సరుకు రక్తంలో కలిసి, ముక్కు దాకా వచ్చి, రోమకూపంలో గడ్డకట్టి, ముల్లై బయటికి తోసుకొస్తోందన్నమాట. ఇక్కడ యాంటీవైరల్ క్రీము రాసి లాభం లేదు. మైలోమాకు మందు పడితే ముళ్లు తగ్గుతాయి. కంటికి ఒకేలా ఉన్న రెండు ముళ్లలో ఒకటి శత్రువు బయటి నుంచి వచ్చాడని చెబుతోంది, రెండోది క్యాన్సరే తన జాడ బయటపెట్టుకుంటోంది. తేడా కంటిచూపుతో తేలదు, పరీక్ష చేయాల్సిందే.

క్యాన్సర్ కణాలే రోమకూపంలో కాపురం పెట్టే జబ్బు ఇంకొకటి. 1957లో హెర్మన్ పింకస్ అనే చర్మవైద్యుడు ముఖం మీద ఎర్రటి బిళ్లలు, వాటి మీద వెంట్రుకలు రాలిపోవడం గమనించి రాశారు. స్లైడులో చూస్తే కూపం గోడలో జిగురు పదార్థం నిండి ఉంది. ఫాలిక్యులర్ మ్యూసినోసిస్ అంటారు దీన్ని. పిల్లల్లో, కుర్రవాళ్లలో ఇది చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది. పెద్దవాళ్లలో మాత్రం దీని వెనుక టీ కణాల లింఫోమా ఉండొచ్చు. మైకోసిస్ ఫంగాయిడెస్ అని చర్మానికి వచ్చే లింఫోమా ఉంది. పేరులో ఫంగస్ వినపడుతుంది కానీ ఫంగస్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. అందులో ఒక రకం పైపొరను వదిలేసి నేరుగా రోమకూపాల చుట్టూ చేరుతుంది. తల, మెడ, కనుబొమల దగ్గర ఎక్కువ. కనుబొమ ఊడిపోతుంది, దురద నిద్రపోనివ్వదు. కణాలు లోతుగా ఉండటం వల్ల చర్మం మీద కాంతి పెట్టే చికిత్స వాటిదాకా సరిగా అందదు, కాబట్టి మామూలు రకం కంటే మొండిది.

మన దేశంలో కనుబొమ ఊడి ముఖం మీద బిళ్లలు లేస్తే డాక్టర్‌కు ముందు తట్టేది కుష్ఠు. తట్టాలి కూడా, ఎందుకంటే ఆ జబ్బు ఇక్కడ ఇంకా ఉంది, మందుతో నయమవుతుంది. కానీ స్పర్శ బాగానే ఉండి, నరాలు ఉబ్బకుండా, చర్మం గీరి చేసే పరీక్షలో బ్యాక్టీరియా కనబడకుండా ఉన్నా కుష్ఠు మందులే నెలల తరబడి మింగిస్తే, కూపంలో ఉన్న లింఫోమా తన పని తాను చేసుకుపోతుంది. అదే పొరపాటు తిరగేసి జరిగినా నష్టమే.

అన్నీ ఇంత భయపెట్టేవే కావు. క్యోటోలో షిగెవో ఒఫుజి 1970లో వర్ణించిన ఒక జబ్బుంది, కూపాల్లోకి ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు వచ్చి చేరతాయి. భరించలేని దురద. తర్వాత ఎయిడ్స్ రోగుల్లోనూ, రక్త క్యాన్సర్‌కు మూలకణ మార్పిడి జరిగినవాళ్లలోనూ ఇలాంటిదే కనిపించింది. మార్పిడి జరిగి కొన్ని వారాలో నెలలో గడిచాక ముఖం, మెడ, ఛాతీ పైభాగం మీద దురద పొక్కులు లేస్తే, క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. చాలాసార్లు అది కోలుకుంటున్న రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి చేసిన హడావిడి మాత్రమే. స్టెరాయిడ్ క్రీములతో, కొన్నిసార్లు ఇండోమెథాసిన్‌తో తగ్గుతుంది. అయితే మార్పిడి తర్వాత కూపాల చుట్టూ ఎర్రటి చుక్కలు వస్తే ఇంకో అనుమానమూ ఉండాలి. దాత కణాలు రోగి శరీరాన్ని పరాయిదనుకుని దాడి చేసే జబ్బు కొన్నిసార్లు అలాగే మొదలవుతుంది. వాటి గురిలో కూపం మూలకణాలూ ఉంటాయి. దానికి ఆలస్యం చేస్తే పేగు, కాలేయం కూడా చిక్కుల్లో పడతాయి. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియాలోనైతే మరీ తమాషా. దోమ కుట్టినట్టే దద్దుర్లు లేస్తాయి, దోమలు లేకపోయినా. దోమకాటుకు ఈ రోగులు విపరీతంగా స్పందిస్తున్నారని 1965లోనే రాశారు. మన ఊళ్లలో దోమలకు కొదవలేదు కనుక దీన్ని ఎవరూ పట్టించుకోరు.

చివరికి అద్దెకుండేవాళ్ల సంగతి. లుకేమియా చికిత్స మొదట్లో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ పెద్ద మోతాదులో ఇస్తారు. రెండు మూడు వారాలకు ఛాతీ, వీపు, భుజాల మీద ఒకే సైజు పొక్కులు, అచ్చు గుద్దినట్టు లేస్తాయి. స్టెరాయిడ్ మొటిమలు. మందు తగ్గిస్తే తగ్గుతాయి. వాటినే పోలిన మలసీజియా ఫంగస్ పొక్కులు మాత్రం దురద పెడతాయి. యాంటీబయాటిక్ వాడితే పోటీ బ్యాక్టీరియా చచ్చి ఫంగస్ ఇంకా పెరుగుతుంది. డెమోడెక్స్ పురుగులు కీమో పిల్లల ముఖం మీద వందల్లో పెరిగి ఎర్రటి పొక్కులు లేపుతాయి. పర్మెత్రిన్, ఐవర్‌మెక్టిన్ లాంటి మందులతో పోతాయి. ఈ రెండింటికీ స్టెరాయిడ్ కలిపిన ఆ మందుల షాపు ట్యూబు ఎరువు వేసినట్టే. రాసిన రెండు రోజులు ఎరుపు తగ్గి, ఆ తర్వాత రెట్టింపుగా వస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి అసలు రూపం చెరిగిపోయి ఉంటుంది. ఈ ట్యూబుల్ని చీటీ లేకుండా అమ్మడం ఆగాలని చర్మవైద్యులు ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు. నాకైతే వాళ్ల మొర న్యాయంగానే తోస్తుంది.

రక్త క్యాన్సర్ రోగుల విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన పొక్కే అన్నిటికంటే అమాయకంగా కనిపించేది: సెగ్గడ్డ. సెగ్గడ్డ అంటే రోమకూపంలో స్టెఫిలోకాకస్ చేరి చీము పట్టడం. చీము అంటే ఏమిటి? బ్యాక్టీరియాతో పోరాడి చచ్చిన న్యూట్రోఫిల్ తెల్లకణాల పోగు. కీమో తర్వాత కౌంట్ పడిపోయిన మనిషిలో ఆ కణాలే ఉండవు. కాబట్టి చీము పట్టదు, వాపు రాదు, తెల్లటి మొన లేవదు. చిన్న ఎర్ర చుక్క మాత్రమే, ముట్టుకుంటే నొప్పి. "చీము లేదు కదా, ఫర్వాలేదులే" అనుకుంటారు. చీము లేకపోవడమే అక్కడ ఆపదకు గుర్తు. దాంతోపాటు 100.4 డిగ్రీల జ్వరం కూడా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి, గిల్లడం, పిండటం అసలే పనికిరావు.

మిగతా పొక్కులకు అంత హడావిడి అక్కర్లేదు, తీరిగ్గా తేల్చుకోవచ్చు. ముందు ఫోన్లో మంచి వెలుతురులో ఫొటోలు తీసి పెట్టుకోవాలి, ఎందుకంటే అపాయింట్‌మెంట్ రోజుకు పొక్కులు తగ్గి కనిపించడం వాటికి అలవాటు. కొత్త మందు ఏది ఎప్పుడు మొదలైందో తేదీతో రాసుకోవాలి. చర్మం డాక్టర్ డెర్మోస్కోపుతో చూస్తే ముల్లు కూపం మధ్య నుంచే వస్తోందా లేదా తెలిసిపోతుంది. ఒక్కోసారి గీరి తీసిన పొట్టులో ఫంగస్సో పురుగో దొరికి అక్కడితో కథ ముగుస్తుంది. దొరక్కపోతే పంచ్ బయాప్సీ: మత్తు సూది వేసి నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి ముక్క తీస్తారు, ఒకటి రెండు కుట్లు పడతాయి. ముక్కు మీద మచ్చ పడుతుందని చాలామంది వద్దంటారు. చెవి వెనకో మెడ మీదో అలాంటి పొక్కే ఉంటే అక్కడ తీయమని అడగొచ్చు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువుంటే ఎక్కించాకో, పెరిగేదాకా ఆగాకో చేస్తారు. ల్యాబుకు పంపే ఫారం మీద ఉత్త "ముఖం మీద పొక్కులు" అని కాక, ఏ రక్త క్యాన్సర్, ఏ మందులు, మార్పిడి జరిగిందా అన్నదీ రాయించాలి. ముక్క చిన్నది, అందులో కూపం పక్కకు తప్పిపోయి ఉండొచ్చు. వెతకాల్సింది కూపంలోనని తెలిస్తే పెథాలజిస్టు ముక్కను ఇంకా లోతుకు కోయించి ఆ గొట్టం కనిపించేదాకా వెతుకుతారు. తెలియకపోతే మొదటి కోతలో కనిపించినదాన్ని బట్టి మామూలు వాపు అని రాసి పంపేస్తారు.